అ అంటే అణువు: రెండు భాషల పిల్లల సైన్సు మాటలు



నేను హోసూరు దగ్గర ఒక బడిలో సైన్సు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో ఈ రెండింటితోపాటు కన్నడం. హోసూరు, బాగలూరు, డెంకణికోట, తళ్ళి, శూలగిరి, వేపనపల్లి వైపు ఉన్నవాళ్ళకు ఇది విడిగా చెప్పనక్కరలేదు. మన పిల్లలు ఒక భాషలో ఆకలి చెప్పుకుంటారు, ఇంకో భాషలో లెక్క చేస్తారు, మూడో భాషలో బేరమాడతారు. ఇందులో కష్టమేమీ లేదనే నేనూ చాలాకాలం అనుకున్నాను. సైన్సు మాటల దగ్గర ఒక చిక్కు ఉందని నాకు ఒక పిల్ల నేర్పింది. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో ఆ పిల్ల కొత్తగా చేరింది. ఏడో తరగతి దాకా కుప్పం వైపు అమ్మమ్మగారి ఊళ్ళో తెలుగు మాధ్యమంలో చదివింది. తండ్రిది మా బడికి పక్క ఊరే. తమిళం బాగా మాట్లాడుతుంది, చదువుతుంది, రాతలో కొంచెం తడబాటు. మొదటి పరీక్షలో నేను తమిళంలో ఒక ప్రశ్న ఇచ్చాను. ఒక నీటి మూలక్కూరులో ఎన్ని అణుక్కళ్ ఉంటాయి అని. జవాబు మూడు. హైడ్రోజన్‌వి రెండు, ఆక్సిజన్‌ది ఒకటి. ఈ పిల్ల ఏం రాసిందంటే, నీరు మూలకం కాదు కాబట్టి ప్రశ్న తప్పు, ఒక్క చుక్క నీటిలోనే లెక్కపెట్టలేనన్ని అణువులుంటాయి అని రాసింది. నేను సున్నా వేశాను. వేసింది చాలక, పక్కన ఎర్ర సిరాతో "ప్రశ్న సరిగా చదువు" అని కూడా రాశాను.

ఆ రాత్రి ఇంటి దగ్గర నా చిన్నప్పటి తెలుగు సైన్సు పుస్తకం ఒకటి ఏదో పనిమీద తిరగేస్తుంటే విషయం తట్టింది. ఆ పిల్ల రాసింది తెలుగులో అక్షరాలా నిజం. నీరు మూలకం కాదు. చుక్క నీటిలో అణువులు లెక్కకు అందవు. మన తెలుగు పాఠాల ప్రకారం 18 గ్రాముల నీటిలో, అంటే ఉజ్జాయింపున నాలుగు చిన్న చెంచాల నీటిలో, 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని అణువులుంటాయి. తప్పు పిల్లది కాదు. తెలుగూ తమిళమూ రెండూ ఇంటి భాషలే అయిన నేను, రెండు భాషల్లో ఒకే చప్పుడున్న మాటకు రెండు అర్థాలున్నాయని ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు.

మరునాడు మార్కులు దిద్దాను. కానీ ఈలోగా ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, నాకు సైన్సు రాదు నాయనా, ఇక్కడి సైన్సు వేరేగా ఉంది అని చెప్పేసింది. మార్కు దిద్దినంత సులువుగా ఆ మాట దిద్దడం కుదరలేదు. దానికి దాదాపు ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో మేమిద్దరం కలిసి, తరవాత తరగతిలోని తెలుగింటి పిల్లలందరూ కలిసి, ఒక నోటుపుస్తకం తయారుచేశాం. అ నుంచి మొదలుపెట్టి అక్షరానికి ఒక పేజీ. పేజీలో మూడు వరుసలు. మొదటి వరుసలో తెలుగు సైన్సు మాట, రెండో వరుసలో ఇంట్లో అవ్వకు చెప్పినా తెలిసేటట్టు దాని అర్థం, మూడో వరుసలో తమిళంలో దాని పేరు. ఈ రోజు మీకు ఆ నోటుపుస్తకంలోంచి కొన్ని పేజీలు వినిపిస్తాను.

మొదటి పేజీ అ. అ అంటే అణువు. నాకు సున్నా వేయించిన మాట ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఇత్తడి చెంబులో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళను సగం, అందులో సగం, మళ్ళీ సగం చేసుకుంటూ పోతే, ఇంకా నీరే అనిపించుకోగల ఆఖరి తునక ఒకటి మిగులుతుంది. దాన్ని తెలుగు పాఠాల్లో అణువు అంటాం. దాన్ని కూడా విడగొడితే ఇక అది నీరు కాదు, హైడ్రోజన్, ఆక్సిజన్ తునకలు. ఆ తునక ఒక్కొక్కటీ పరమాణువు. పరమ అంటే అన్నిటికన్నా చివరిది. ఒకే రకం పరమాణువులతో అయిన పదార్థం మూలకం. బంగారం, ఇనుము, రాగి, గంధకం ఇవన్నీ మూలకాలు.

ఇప్పుడు తమిళం చూడండి. మన పరమాణువును వాళ్ళు అణు అంటారు. మన అణువును మూలక్కూరు అంటారు. మన మూలకాన్ని తనిమం అంటారు, తని అంటే ఒంటరి, విడి. అంటే అణు అనే చప్పుడు ఒక మెట్టు కిందికి దిగింది, మూలం అనే చప్పుడు కూడా మన మూలకం ఉన్న మెట్టులో కాకుండా వేరే మెట్టులో కూచుంది. మా పిల్ల ఆ ప్రశ్నలో మూలక్కూరును మూలకం అనుకుంది, అణుక్కళ్‌ను అణువులు అనుకుంది. రెండు మాటలూ తెలిసినట్టే ఉండి రెండూ మోసం చేశాయి. అసలు తెలియని మాటైతే చెయ్యెత్తి అడిగేది. తెలిసినట్టుండే మాట దగ్గర ఎవరు అడుగుతారు?

కన్నడం మాధ్యమంలో చదివే పిల్లలకు ఈ చిక్కు లేదు. అక్కడ మనలాగే పరమాణు, అణు. అయితే మన తెలుగువాళ్ళం కూడా ఈ మాట విషయంలో మరీ గర్వపడనక్కరలేదు. పాఠంలో అణువు వేరు, పరమాణువు వేరు అని చెప్పి, పత్రికలో అణుబాంబు, అణుశక్తి అని రాస్తాం. అక్కడ పగిలేది అణువు కాదు. పరమాణువు లోపలి కేంద్రకం. ఆ లెక్కన పత్రికల తెలుగు తమిళంతో ఏకీభవిస్తోంది, బడి తెలుగు కన్నడంతో ఏకీభవిస్తోంది. పిల్లలకు ఇది చెబితే నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నాకు కావలసింది అదే.

అసలు ఇలా ఎందుకయిందో ఒక మాట చెప్పాలి. సైన్సు మాటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు, మనుషులు కూచుని పెట్టుకున్నవే. 1916లో సేలంలో తమిళ శాస్త్రీయ పదాల కోసం ఒక సంఘం వెలిసింది. దాన్ని స్థాపించినవారిలో రాజాజీ ఒకరు. ఆయన పుట్టింది మన హోసూరు పక్కన తొరపల్లిలోనే, 1878లో. పెద్దపెద్ద రాజకీయాల మధ్య కూడా ఆయన రసాయనశాస్త్రం మీద తమిళంలో తిణ్ణై రసాయనం అని ఒక పుస్తకం రాశారు. తిణ్ణై అంటే మన తిన్నె, వీధి అరుగు. తెలుగు వైపు 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో వేయించారు. ఆయన చదువు నాగపూరులో సాగింది, మరాఠీలో కూడా రాసినవారు. సరిహద్దు మనిషి అంటే సరిహద్దు మనిషే. తరవాత 1968లో తెలుగు అకాడమీ వచ్చి పాఠ్యపుస్తకాలకు, పదకోశాలకు పూనుకుంది. తమిళంవాళ్ళు చాలా చోట్ల తమ ధాతువుల్లోంచే మాట తవ్వి తీశారు. మనవాళ్ళు చాలా చోట్ల సంస్కృతం నుంచి తెచ్చారు. సంస్కృతం మాట రెండు ఇళ్ళకూ వచ్చినప్పుడు, ఒక్కో ఇంట్లో ఒక్కో పని అప్పజెప్పారు. అణువు కథ అదే.

ఆ పేజీ ఆమ్లజని. ఇప్పుడు పిల్లలు ఆక్సిజన్ అనే అంటారు, పాతతరంవారికి ఆమ్లజని గుర్తుంటుంది. కన్నడంలో ఆమ్లజనక. ఆమ్లం అంటే పులుపుగలది, జని అంటే పుట్టించేది. పులుపును పుట్టించే గాలి అన్నమాట. ఈ పేరు మనవాళ్ళు సొంతంగా పెట్టింది కాదు. 1770లలో ఫ్రాన్సులో లవాయిజర్ అనే శాస్త్రజ్ఞుడు, ప్రతి ఆమ్లంలోనూ ఈ వాయువు ఉండి తీరుతుందని భావించి గ్రీకు మాటలతో ఆ పేరు పెట్టాడు. మనవాళ్ళు దాన్ని సంస్కృతంలోకి తిప్పారు. ఆ నమ్మకం తప్పని ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1810లో చూపాడు. మన కడుపులో అన్నం అరగడానికి ఊరే హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజన్ బొట్టయినా లేదు. అయినా పేరు నిలిచిపోయింది. కాబట్టి ఆమ్లజని అన్నా, ఆక్సిజన్ అన్నా మనం రెండు వందల ఏళ్ళ నాటి ఒక గొప్పవాడి పొరపాటునే పలుకుతున్నాం. తమిళంలో ఉయిర్‌వళి అనే మాట ఉంది. ఉయిర్ అంటే ప్రాణం. మన ప్రాణవాయువు లాంటిదే. ఆ రెండు పేర్లలో పొరపాటు లేదు. ఇలాంటిచోట ఇంటిమాటే శాస్త్రానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

ఉ పేజీలో దాని తమ్ముడు ఉదజని, హైడ్రోజన్. ఉద అంటే నీరు. హైడ్రోజన్ మండితే నీరే పుడుతుంది కాబట్టి ఈ పేరు నూటికి నూరుపాళ్ళు సరైనది. ఒకే తల్లి పెట్టిన రెండు పేర్లలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు.

ఇ పేజీకి పిల్లలు ఇంద్రధనుస్సు, ఇంధనం తెచ్చారు. బాగానే ఉన్నాయి. నేను మాత్రం ఇగరడం రాయించాను. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇది నిజంగానే ఉన్న మాట. తడిబట్ట ఆరడం, కుంటలో నీళ్ళు ఎండకు తగ్గిపోవడం, వీటిని ఇగరడం అంటారు. కూర ఇగిరింది అని రోజూ అనేదే. దీనికే పెద్ద పేరు బాష్పీభవనం. ఆ పేరు బోర్డు మీద రాస్తే ఒక అబ్బాయి, బాష్పం అంటే కన్నీళ్ళు కదా టీచర్, నీళ్ళు ఏడుస్తాయా అన్నాడు. బాష్పానికి ఆవిరి అనీ, కన్నీరనీ రెండు అర్థాలూ ఉన్నాయి. వాడికి తెలిసింది రెండోదే. తమిళంలో దీన్ని ఆవియాదల్ అంటారు, ఆవి కావడం. మన ఆవిరికి అది చుట్టం. మూడు వరుసలూ పక్కపక్కన రాసుకున్నాక బాష్పీభవనం అంటే ఎవరూ బెదరలేదు.

ఋ పేజీ ఖాళీగా ఉంటుందనుకున్నాం. ఋషి తప్ప ఏముంది అన్నారు. ఋణావేశం ఉంది. దువ్వెనతో పొడిజుట్టు దువ్వి కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి కదా, ఆ దువ్వెన మీద చేరేది ఆవేశం. అది రెండు రకాలు, ధనావేశం, ఋణావేశం. తమిళంలో నేర్, ఎదిర్ అని తేడా చేస్తారు. ఎదిర్ అంటే మన ఎదురే. తెలుగులో ధనం, ఋణం అన్నాం, అంటే కలిమి, అప్పు. ఈ లెక్కల పద్ధతి 18వ శతాబ్దంలో అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టింది. ఏదో ఒకటి ఎక్కువైతే ధనం, తక్కువైతే ఋణం అన్నాడు. ఏ వైపు ఎక్కువైందో చూసే సాధనం ఆనాడు లేదు, ఊహించాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాక చూస్తే ఊహ తిరగబడింది. ఎలక్ట్రాన్లు ఎక్కువ చేరిన వస్తువునే మనం ఋణావేశం గలది అంటున్నాం. ఇంటినిండా బస్తాలున్నవాణ్ణి అప్పులవాడన్నట్టు. పేరు మార్చడానికి అప్పటికే ఆలస్యమైంది. పిల్లలు దీన్ని ఎన్నిసార్లు చెప్పినా తారుమారు చేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదని నేను ఇప్పుడు ముందే చెప్పేస్తాను.

క దగ్గర మాటలు గుట్టలుగా వచ్చాయి. కణం ఒక్కటి చూద్దాం. మన ఒంట్లో, చెట్టులో, ప్రతి ప్రాణిలో ఉండే చిన్న గది. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో బెండుముక్కను చూసి, అందులో తేనెతుట్టె గదుల్లాంటివి కనబడితే సెల్ అని పేరు పెట్టాడు, చిన్న గది అని. తమిళ పాఠాల్లో సెల్ అనే ఉంది. కన్నడంలో జీవకోశ. తెలుగులో కణం. అయితే కణం అంటే మనకు ధూళికణం కూడా, ఇసుక రేణువులాంటిది, అందులో గదీ లేదు ప్రాణమూ లేదు. కన్నడంలో కణ అంటే ఆ రేణువే. బెంగుళూరు బడుల నుంచి మారివచ్చే పిల్లలకు మన జీవకణం విచిత్రంగా ఉంటుంది. ఇక సెల్ అంటే టార్చిలైటులో వేసేదీ సెల్లే, చేతిలో మోగేదీ సెల్లే అని పిల్లలు ఎలాగూ అంటారు. టార్చిలో వేసేదానికి తెలుగు పాఠాల్లో ఘటం అని పేరు. ఘటం అంటే కుండ. ఏ భాషా అమాయకమైనది కాదు.

ఇదే పేజీలో కిరణజన్య సంయోగక్రియ ఉంది. పలకడానికి ఊపిరి పట్టాలి. పచ్చటి ఆకు ఎండ కాంతిని పట్టుకొని, గాలిలోని కార్బన్ డయాక్సైడును, వేరు తెచ్చిన నీటినీ కలిపి, చక్కెర చేసుకొని, ఆక్సిజన్ బయటికి వదలడం. తమిళంలో దీన్ని ఒళిచ్చేర్కై అంటారు. ఒళి వెలుగు, చేర్కై చేరిక. ఇక్కడ తమిళం మాటే సులువని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. మా పిల్లలు రెండో వరుసలో వెలుగు చేరిక అని రాసుకున్నారు. పరీక్షలో అలా రాయకూడదు. కానీ మనసులో అలా అనుకుంటే పెద్దమాట తేలికగా గుర్తొస్తుంది. ఆకులోని పత్రహరితానికి తమిళంలో పచ్చైయం. అందులో పచ్చ అందరికీ కనబడుతూనే ఉంది.

గ, త పేజీలు తొందరగా తిప్పేస్తాను. గురుత్వాకర్షణలో గురువు అంటే బడి గురువు కాదు, బరువైనది అని అర్థం. త్వరణం అంటే వేగం మారే రేటు. త్వరగా అనే మాటలోంచి వచ్చింది.

ద పేజీలో ద్రవ్యరాశి. దీన్ని బ పేజీలోని బరువుతో కలిపి చెప్పాలి. ఒక వస్తువులో ఎంత సరుకుందో అది ద్రవ్యరాశి. దాన్ని భూమి ఎంత బలంగా లాగుతోందో అది బరువు. 60 కిలోల మనిషిని చంద్రుడి మీద స్ప్రింగు త్రాసుకు వేలాడదీస్తే ఉజ్జాయింపున 10 చూపిస్తుంది. మనిషి చిక్కిపోలేదు, చంద్రుడి లాగుడు తక్కువ. అదే రెండు తట్టల త్రాసులో తూకపురాళ్ళతో తూస్తే అక్కడా 60కి 60. తమిళంలో ద్రవ్యరాశి నిఱై, బరువు ఎడై. తమిళ పాఠంలో నిఱై అని కనబడితే మన పిల్లలు బరువు అని రాసేస్తారు. మార్కు పోతుంది. అంగడిలో రెండూ ఒకటే కాబట్టి ఈ పొరపాటు పెద్దవాళ్ళం కూడా చేస్తాం.

బ పేజీలోనే పాతతరంవారి మాట ఒకటి, బొగ్గుపులుసు గాలి. ఈ పేరు చదివి పిల్లలు పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. బొగ్గుతో పులుసు పెడతారా అని. పులుసు అంటే ఇక్కడ ఆమ్లం. బొగ్గు మండితే వచ్చేది, నీటిలో కలిస్తే కాస్త పుల్లనయ్యేది, అందుకని బొగ్గుపులుసు. కార్బన్ డయాక్సైడే ఇది. తమిళంలో కరియమిల వాయు. కరి అంటే బొగ్గు, అమిలం అంటే ఆమ్లం. రెండు భాషలవాళ్ళూ ఒకే తీరున ఆలోచించారు. దీన్ని చూపించడం సులువు. సున్నం నీళ్ళలో కలిపి, తేరుకున్నాక పైనున్న సున్నపుతేటను ఒక గ్లాసులోకి వంచుకొని, గొట్టంతో మెల్లగా నోటితో ఊదితే తేట పాలలా తెల్లబడుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి పనే అది. ఊదాలి గాని పీల్చకూడదు. దగ్గర పెద్దవాళ్ళు ఉండాలి.

వ పేజీలో ఇంకో మోసగాడు ఉన్నాడు, వేగం. తెలుగు పాఠాల్లో దిక్కు చూడకుండా ఎంత జోరుగా పోతున్నామో అది వడి. దిక్కును కూడా లెక్కలోకి తీసుకుంటే వేగం. తమిళంలో మొదటిదే వేగం. రెండోదానికి తిసైవేగం అంటారు, దిశ కలిపిన వేగం. అంటే తెలుగు వేగమూ తమిళ వేగమూ వేరు. తమిళంవారు దిశను పేరులోనే పెట్టడం తెలివైన పని. మన వేగం అనే మాటలో దిక్కు ఉందని ఎక్కడా తెలియదు, బట్టీ పట్టాల్సిందే. నేను హోసూరు బస్సు లెక్క చెబుతాను. హోసూరు నుంచి కృష్ణగిరి సుమారు 50 కిలోమీటర్లు. బస్సు గంటలో వెళ్ళి, గంటలో తిరిగి వచ్చింది. దాని సగటు వడి గంటకు 50 కిలోమీటర్లు. సగటు వేగం మాత్రం సున్నా. బయలుదేరిన చోటుకే వచ్చాం కదా, స్థానం మారలేదు. మరి టిక్కెట్టు డబ్బులు ఎందుకు తీసుకున్నారు టీచర్ అని ఒకడు అడిగాడు. కండక్టరు వసూలు చేసేది వడికే గాని వేగానికి కాదని చెప్పాను.

హ దాటితే మన అక్షరమాలలో క్ష ఉంది. అక్కడ క్షారం. ఇది నాకు చాలా ఇష్టమైన పేజీ, కొంచెం సేపు ఓపిక పట్టండి.

తమిళ సైన్సు పుస్తకంలో ఆమ్లాల పాఠం పేరులోనే అమిలం, కారం, ఉప్పు అని ఉంటుంది. సబ్బు కారం, సున్నం కారం అని పాఠం చెబుతుంది. మన తెలుగింటి పిల్లలకు కారం అంటే ఊరిబిండిలో ఉండేది. సబ్బు కారమా, నాలుక మండుతుందా అని అడిగారు. తమిళంలో మిరపకాయ ఘాటూ కారమే, సున్నపు గుణమూ కారమే. తెలుగులో ఘాటు కారం, సున్నపు గుణం క్షారం. అయితే తమాషా ఏమిటంటే, మన కారం కూడా క్షారం నుంచి పుట్టిందే. మన పాతమాటల్లో దాని జాడ ఇంకా ఉంది. కంసాలి అతుకు పెట్టేటప్పుడు వాడే వెలిగారం, మతాబుల్లో వేసే సురేకారం, వీటి చివర ఉన్నది ఘాటు కారం కాదు, క్షారమే. పటికను తమిళంలో పడికారం అంటారు. అక్కడా అదే.

ఇంతదాకా చెప్పాక మా పిల్లలు ఊరుకోరు కదా. ఇవన్నీ నిజంగా క్షారాలేనా చూద్దాం అన్నారు. లిట్మస్ కాగితాలతో చూశాం. వెలిగారం నీళ్ళు ఎర్ర కాగితాన్ని నీలం చేశాయి, అది క్షారగుణమే. సురేకారం నీళ్ళు ఏ కాగితాన్నీ మార్చలేదు, అది అటూ ఇటూ కానిది. పటిక నీళ్ళు నీలం కాగితాన్ని ఎర్రగా చేశాయి, అంటే ఆమ్లగుణం. పేరులో కారం, గుణంలో పులుపు. నీళ్ళలో కరిగే తెల్లటి పలుకులన్నిటికీ పాతవాళ్ళు కారం అని చివర తగిలించినట్టుంది. పేరు చూసి గుణం చెప్పకూడదని ఆ పిల్లే నోటుపుస్తకంలో రాసింది.

లిట్మస్ లేని ఇంట్లో పసుపు ఉంటుంది. కాగితానికి పసుపునీళ్ళు పూసి ఆరబెట్టండి. దాని మీద సబ్బునీళ్ళ చుక్కో, సున్నపుతేట చుక్కో వేస్తే ఎర్రబడుతుంది. ఆరతికి ఎర్రనీళ్ళు కలిపేది పసుపు, సున్నంతోనే కదా, ఇదీ అదే రసాయనం. ఆ ఎర్రమచ్చ మీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చ. కూర మరక పడ్డ తెల్లచొక్కాను సబ్బుతో ఉతికితే మరక ఒక్కసారిగా ఎర్రబడడం తల్లులందరూ చూసిందే. మిరపకాయ కారం మాత్రం ఈ లెక్కలో లేదు. దాని మంట కాప్సైసిన్ అనే వేరే పదార్థం వల్ల. పైగా మిరపకాయ మన దేశానికి వచ్చి సుమారు ఐదు వందల ఏళ్ళే అయింది. అంతకుముందు వంటలో ఘాటు మిరియాలదే.

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. దాని మంచిచెడ్డల మీద మన ఊళ్ళలో ఎవరి అభిప్రాయం వారికుంది, నాకూ ఉంది, ఈ ప్రసంగానికి అది అవసరం లేదు. తరగతిగదిలో నేను చూస్తున్నది చెబుతాను. తమిళం నేర్చుకోవడం వల్ల మన పిల్లలు వెనకబడరు. రెండు భాషల మాటలను పక్కపక్కన పెట్టి చూపించేవాళ్ళు లేకపోతే వెనకబడతారు. ఇగరడం, సున్నపుతేట, వెలిగారం, వడి, ఈ మాటలు ఇప్పటి పిల్లలకు బడిలో వినబడవు. ఇంట్లో వినబడకపోతే ఇంకెక్కడా వినబడవు. అందుకే రెండో వరుస నింపడానికి మేము పిల్లలను ఇంటికి పంపుతాం. తాతను అడుగు, అవ్వను అడుగు, కంసాలినడుగు, మేస్త్రీనడుగు అని.

మీ ఇంట్లో ఇలాంటి నోటుపుస్తకం పెట్టదలిస్తే ఒక్క సలహా. తమిళంలోనూ తెలుగులోనూ ఒకేలా వినిపించి అర్థం మారే మాటల కింద ఎర్రగీత గీయించండి. మా పుస్తకంలో ఇప్పటికి అణువు, మూలకం, వేగం, కారం కింద గీతలున్నాయి. ఒకేలా వినిపించి అర్థమూ ఒకటే అయిన మాటలకు గీత అక్కరలేదు. గంధకం, పాదరసం, ద్రవం అలాంటివి, ఉచ్చారణ మాత్రమే కొంచెం మారుతుంది.

క్ష తరవాత బండి ఱ ఒకటి మిగిలింది. దానికి సైన్సు మాట ఎవరికీ తట్టలేదు. పేజీ ఖాళీగా ఉంచాం. ఒక పిల్లవాడి తాతగారు చూసి, మా కాలంలో రాయిని బండి ఱతోనే రాసేవాళ్ళం, రెక్కను కూడా, అదేమీ తెలియదా మీ టీచరుకు అన్నారట. నిజమే, నాకు తట్టలేదు. ఆ పేజీలో ఇప్పుడు ఱాయి ఉంది. కింద, కృష్ణగిరి గుట్టల నల్లరాయి ముక్క ఒకటి భూతద్దంతో చూసి పిల్లలు గీసిన బొమ్మ, అందులో తెల్లగా మెరిసే పలుగురాయి, తళుకుమనే అభ్రకం. అభ్రకానికి రెండో వరుసలో కాకిబంగారం అని రాశారు. మూడో వరుస ఇంకా నింపలేదు, తమిళం టీచరుగారిని అడగాలి.